తుపాకులు నా దగ్గర, మనుషులు ఆయన దగ్గర

ఆయుధాల పనిలోకి, షూటింగు నేర్పే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అంటారు. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయడానికేమీ లేదు. వచ్చినవే తక్కువ, అవి కూడా నాతోపాటు చేరినవాళ్లందరికీ వచ్చాక వచ్చాయి. అందుకని ఒక మనిషి మీద నాకున్న కుళ్లు గురించి రాస్తాను. నా వృత్తిలో తెలుసుకోవలసినదంతా ఆ కుళ్లు చుట్టూనే ఉంది.

పేర్లు

నేను జిల్లా పోలీసుల ఆయుధాగారంలో ఆర్మరర్‌గా పనిచేశాను. తుపాకులు విప్పడం, తుడవడం, నూనె రాయడం, అలిసిపోయిన స్ప్రింగులు మార్చడం, మళ్లీ బిగించి చూసి అప్పగించడం నా పని. చేరిన కొత్తలో మా రిజర్వు ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ. గారు నా చేతిలో ఒక రైఫిల్ పెట్టి, "ఇదేంట్రా?" అని అడిగారు.

"తుపాకీ సార్."

"తుపాకీ అని మీ అమ్మమ్మ కూడా చెబుతుంది. నీకు జీతమెందుకు? విప్పు. విప్పిన ప్రతి ముక్కకీ పేరు చెప్పు. పేరు తెలియని ముక్క తిరిగి బిగించలేవురా."

ఆయన చాలా కటువైన మనిషి. ఎండలో నిలబెట్టి పేర్లు చెప్పించేవారు. అప్పుడు తిట్టుకున్నాను గానీ, నాకు దొరికిన ఒకే ఒక్క గురువు ఆయనే. ఆయన చేసిన ఆ పని వల్లనే నాకు పేర్ల పిచ్చి పట్టింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తుపాకీ సరదా ఉన్నవాళ్లకు కొదవ లేదు. మిర్చి యార్డు కమీషను వ్యాపారులు, జిన్నింగు మిల్లులవాళ్లు, చీమకుర్తి గ్రానైటు క్వారీల యజమానులు, బ్రాడీపేట డాక్టర్లు, పొలంలో పందుల బెడద అని లైసెన్సు తెచ్చుకున్న రైతులు. వీళ్లలో ఒక్కరికీ తమ చేతిలో ఉన్నదాన్ని ఏమంటారో తెలియదు. పిడిలో తూటాల మ్యాగజైన్ దూర్చే పిస్టల్‌ని పట్టుకుని రివాల్వర్ అంటారు. గొట్టం లోపల నున్నగా ఉన్న డబుల్ బ్యారెల్‌ని రైఫిల్ అంటారు. రైఫిల్‌కి ఆ పేరు వచ్చిందే లోపల మెలికలు తిరిగిన గాడుల వల్ల. తూటా అంటే ఇత్తడి తొడుగు, మందు, గుండు అన్నీ కలిసిన సరుకు. అందులోంచి బయటికి దూసుకుపోయేది గుండు మాత్రమే. వీళ్లకి రెండూ బుల్లెట్లే.

వ్యాకరణం ఇంకా ఘోరం. లైసెన్సుదారు పొరపాటున తుపాకీ కాల్చుకున్నప్పుడు, "పేల్చానండీ" అన్నవాణ్ని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. "పేలిందండీ" అంటారు. కుక్కర్ విజిల్ వేసినట్టు దానంతట అదే పేలుతుంది కాబోలు. మీట మీద వేలు ఎవరిదని అడిగితే పక్కకి చూస్తారు.

నేను ఊరుకునేవాణ్ని కాదు. ఎంత పెద్దమనిషైనా అక్కడికక్కడే దిద్దేవాణ్ని. వెనకాల నన్ను "నిఘంటువు గారు" అనేవారని తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు కోపం రాలేదు సరికదా, కొంచెం గర్వంగానే అనిపించింది.

ఒక క్వారీ యజమాని

పేర్లతో పనేముందని అడిగేవాళ్లకు నేనెప్పుడూ చెప్పే సంగతి ఒకటుంది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు ఉన్న తుపాకులన్నీ పోలీసులకు అప్పగించాలి. ఎన్నికలయ్యాక తిరిగి ఇస్తారు. అలా ఒకసారి ఒక క్వారీ యజమాని తెల్ల చొక్కా, నల్ల కళ్లజోడుతో వచ్చి, పిస్టల్ బల్ల మీద పెట్టాడు. గొట్టం సరిగ్గా నా పొట్ట వైపు ఉంది.

"ఖాళీయేనండీ. క్లిప్పు తీసేశాను" అన్నాడు.

"దాన్ని మ్యాగజైన్ అంటారు. అది తీస్తే ఖాళీ అయినట్టు కాదు" అంటూ పిస్టల్‌ని గోడ వైపు తిప్పి పైభాగం వెనక్కి లాగాను. లోపలి అరలో కూర్చున్న తూటా ఎగిరి బల్ల మీద పడి దొర్లింది. ఆయన కళ్లజోడు తీసి దానివంక చూశాడు.

"అది ఎప్పుడు దూరిందండీ?" అని అడిగాడు.

దూరింది అన్నాడు, పెట్టాను అనలేదు చూడండి. కొత్తగా వచ్చేవాళ్లు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఎవరు ఖాళీ అన్నా, కలెక్టరు అన్నా, మీ కన్నతండ్రి అన్నా, మీ చేత్తో లాగి మీ కంటితో చూసేదాకా నమ్మకండి.

పేర్ల విషయంలో నా పట్టుదలకు సగం కారణం ఇదే. మిగతా సగం ఏమిటంటే, ఆ ధనవంతుల ముందు నాకున్న ఆస్తి ఆ మాటలే. తుపాకీ వాళ్లది, దాని పేరు నాది.

సుజాత

ఆ రోజుల్లో గుంటూరు శివారులో ఒక మూతపడ్డ జిన్నింగు మిల్లు వెనక రైఫిల్ క్లబ్బు పెట్టారు. మట్టి కట్ట పోయించి, దాని ముందు టార్గెట్లు నిలబెట్టారు. మిల్లు మూలల్లో ఇంకా పత్తి మిగిలి ఉండేది, అందరం అదే పీకి చెవుల్లో పెట్టుకునేవాళ్లం. ప్రెసిడెంటు మిర్చి వ్యాపారి బ్రహ్మయ్య గారు. నేను ఆదివారాలు వెళ్లి నేర్పేవాణ్ని.

నా పద్ధతి ఒకటే. పేర్లన్నీ వచ్చేదాకా రైఫిల్ ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. వచ్చాక తప్పు పేరు పలికితే, చిరిగిన టార్గెట్లకు మైదా జిగురు రాసి కాగితాలు అంటించాలి. బ్రహ్మయ్య గారు ప్రెసిడెంటు కాబట్టి ఆయనకు మినహాయింపు.

"ఏమయ్యా, నా రివాల్వర్ కాస్త తుడిచి పెట్టు" అనేవారు.

"పిస్టల్ అండీ."

"అదేలేవయ్యా."

అలాంటి చోటికి సుజాత వచ్చింది. చీరాల దగ్గర మగ్గాల ఇంటి పిల్ల. బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేది. క్లబ్బుకు వచ్చిన రోజే పేర్లన్నీ నేర్చుకుంది. రెండో ఆదివారం నేను రైఫిల్ విప్పి ముక్కలు పరిస్తే, కళ్లు మూసుకుని చేత్తో తడిమి పేర్లు చెప్పింది. నాకు పిల్లలు లేరు. ఆ రోజు ఇంటికి వెళ్లి మా ఆవిడతో ఆ పిల్ల గురించి ఎంతసేపు మాట్లాడానో, చివరికి ఆవిడ "అన్నం చల్లారిపోతోంది" అంది.

ఈ పిల్లను రాష్ట్ర పోటీలకు పంపాలి, పక్కన కోచ్‌గా నేను నిలబడాలి, ఎవరైనా "ఎవరమ్మా నీకు నేర్పింది?" అని అడిగితే ఆ పిల్ల నావైపు చూపించాలి. నేను జీవితంలో ఇంకేదీ ఇంతగా కోరుకోలేదు.

ఒక్కటే ఇబ్బంది. ఆ పిల్లకు అన్నీ తెలుసు గానీ గుండు మాత్రం టార్గెట్ మధ్య నల్ల మచ్చలో నిలకడగా పడేది కాదు. ఒక ఆదివారం బాగా కొడితే, మరుసటి ఆదివారం చెదిరిపోయేది. నేను వెనక నిలబడి మరింత వివరంగా చెప్పేవాణ్ని. ఇంకా చెదిరేది.

కోటయ్య మాస్టారు

వేటపాలెం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన కోటయ్య గారు గుంటూరులో కూతురింటికి వచ్చి స్థిరపడ్డారు. బ్రహ్మయ్య గారికి ఏదో చుట్టరికం. "ఆయన కూడా వస్తాడు, పిల్లలకు కసరత్తు చేయిస్తాడు" అన్నారు. నాకేమీ అభ్యంతరం లేకపోయింది. అంత తెలివితక్కువగా ఆలోచించాను.

ఆయనకు ఒక్క పేరు తెలియదు. బోల్ట్‌ని "గడియ" అనేవాడు. గురి చూసే వెనక సైట్‌ని "కిటికీ" అనేవాడు, ముందు సైట్‌ని "దీపస్తంభం" అనేవాడు. "కిటికీలోంచి దీపం చూడండ్రా" అని అరిచేవాడు. తప్పు పేర్లకు నా శిక్ష ఆయనకూ వేస్తే, టార్గెట్ల జిగురు పని ఆయన ఒక్కడికే ఏడాదికి సరిపోయేది. పైగా ఊరినుంచి జీడిపప్పు తెచ్చి అందరికీ పంచేవాడు. అందరూ ఆయన చుట్టూ మూగేవాళ్లు. నా దగ్గరికి రైఫిల్ మొరాయించినప్పుడు వచ్చేవాళ్లు.

ఒకరోజు సుజాత వెనక నిలబడి మెల్లగా, "పోగు తెగకుండా లాగు తల్లీ. తొందరేం లేదు. పోగు తెగకూడదు, అంతే" అన్నాడు.

ఆ పిల్ల భుజాలు కిందికి దిగాయి. గుండు మధ్యలో పడింది. ఆ తర్వాతది కూడా పడింది.

"పోగేమిటండీ మాస్టారూ, దాన్ని ట్రిగ్గర్ అంటారు" అన్నాను.

"మీరంటే చదువుకున్నవారండీ. నాకు అవన్నీ నోరు తిరగవు" అని నవ్వేశాడు. సుజాత కూడా నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒంటికి కారం రాసుకున్నట్టు అయింది.

దాచుకోవడం దేనికి? ఆయనకు ఏదో ఒక ప్రమాదం జరుగుతుందని ఎదురు చూశాను. పేర్లు తెలియని మనిషి తుపాకులతో ఎన్నాళ్లు నెగ్గుకొస్తాడు? కానీ ఏమీ జరగలేదు. తనకేమీ తెలియదని ఆయనకు తెలుసు. అందుకని ఖాళీ అని తేల్చిన రైఫిల్ని కూడా మళ్లీ తెరిచి చూసేవాడు. "పాము చచ్చిందని తోక మీద కాలేస్తామా అండీ" అనేవాడు. జాగ్రత్త నేర్పడంలో కూడా ఆయన నాకంటే ముందున్నాడు. అది నాకు మరీ కష్టంగా ఉండేది.

ఎన్నికలు

ఆ ఏడు రాష్ట్ర పోటీలు వేసవి చివర అన్నారు. అంతలో ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. పోటీలకు వెళ్లేవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే మినహాయింపు దొరికేదేమో గానీ, బ్రహ్మయ్య గారికి పోలీసులంటే భయం. తన పిస్టల్‌తో పాటు క్లబ్బు రైఫిళ్లన్నీ వ్యానులో వేయించి ఆయుధాగారానికి పంపేశారు.

ఆ వేసవిలో నా ఆయుధాగారం నిండిపోయింది. ఒంటి గొట్టాలు, జంట గొట్టాలు, పిస్టళ్లు, రివాల్వర్లు, గోడల వెంట వరసలు. ప్రతిదానికీ చీటీ కట్టి సరైన పేరు రాశాను. సుజాత రైఫిల్ని విడిగా, తలుపు పక్కన పెట్టుకున్నాను. ఇంక కోటయ్య మాస్టారి ఆటలు సాగవు, తుపాకీ లేకుండా ఏం నేర్పుతాడు అనుకున్నాను. చాలా హాయిగా అనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వస్తే మా ఆవిడ కోపంగా ఉంది.

"మన రోకలి ఇప్పించండి. ఆవకాయకి కారం దంచుకోవాలి" అంది.

"రోకలి నా దగ్గరెందుకుంటుంది?"

"మీ క్లబ్బువాళ్లే పట్టుకుపోయారు. మీకు చెప్పలేదా? కోటయ్య మాస్టారు పంపించారంట. మనింట్లో ఉన్నదే బరువు సరిగ్గా ఉందన్నారు."

స్కూటర్ తీసి క్లబ్బుకు వెళ్లాను. మిల్లు గోడ మీద బొగ్గుతో నల్ల చుక్కలు గీసి ఉన్నాయి. వాటి ముందు క్లబ్బువాళ్లంతా బారులుగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి భుజాన ఒక్కొక్క రోకలి ఆనించి ఉంది. మాది సుజాత భుజాన ఉంది. కోటయ్య మాస్టారు వెనక చేతులు కట్టుకుని నడుస్తూ, "ఊపిరి సగం వదలండి. చుక్క కదలకూడదు. చుక్క కదిలితే మీరు కదిలినట్టే" అంటున్నాడు. ఎవరి నుదుట చూసినా చెమటే. ఒక్క రోకలి వణకడం లేదు.

నన్ను చూసి ఆయన ఎదురొచ్చాడు. "రండి ఆర్మరర్ గారూ! మీరు కూడా నాలుగు ముక్కలు చెప్పండి."

నాకు చెప్పడానికి ఏం ఉంది? రోకలికి బ్యారెల్ లేదు, బోల్ట్ లేదు, సైట్ లేదు. దానికున్నది ఒక్క పేరు, ఆ పేరు అందరికీ తెలుసు. ఊళ్లోని తుపాకులన్నీ నా దగ్గర ఉన్నాయి, మనుషులంతా ఆయన దగ్గర ఉన్నారు. నిలబడి కాసేపు చూసి, పని ఉందని వచ్చేశాను. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయకు కారం కొనుక్కొచ్చాం. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

ఒక్కరికే చోటు

ఎన్నికలు అయిపోయి రైఫిళ్లు తిరిగి వచ్చాయి. పోటీలకు రోజులు దగ్గరపడ్డాయి. సుజాత కొట్టిన మొదటి టార్గెట్ నేను చూశాను. గుండ్లన్నీ ఒకదాని పక్కన ఒకటి, గుప్పెట్లో పట్టేంత చోట. వారాల తరబడి రైఫిల్ ముట్టుకోని పిల్ల అది.

హైదరాబాదుకి కోచ్‌గా ఒక్కరినే పంపగలమని బ్రహ్మయ్య గారు చెప్పారు. నేనప్పటికే సెలవు పెట్టుకున్నాను. ప్యాంటు ఇస్త్రీ చేయించుకున్నాను.

క్లబ్బు వరండాలో అందరి ముందూ ఆయన అడిగేశారు. "అమ్మాయ్, నీతో ఎవర్ని పంపమంటావు? మొహమాటపడకు."

సుజాత కింద చూస్తూ, "మాస్టారు వస్తే బాగుంటుందండీ" అంది.

ఆ పిల్ల నన్నెప్పుడూ సార్ అనే పిలిచింది. కాబట్టి మాస్టారంటే ఎవరో నేను అడగక్కర్లేకపోయింది. అందరూ వెళ్లాక మాత్రం ఉండబట్టలేక అడిగాను.

"నేనేం తక్కువ చేశానమ్మా?"

"అయ్యో, తక్కువేం లేదండీ. మీరు వెనకుంటే తప్పు మాట ఎక్కడ వస్తుందోనని నన్ను నేనే చూసుకుంటానండీ. మాస్టారుంటే టార్గెట్ చూస్తానండీ."

ఆ పిల్ల అబద్ధం చెప్పదు. అదే నా బాధ.

ప్రయాణానికి ముందు ఆమె రైఫిల్ చివరిసారి తనిఖీ చేయాల్సింది నేనే. మరొకరికి చేతకాదు. ఆయుధాగారంలో బల్ల మీద పెట్టుకుని తలుపు వేసుకున్నాను. వెనక సైట్‌ని పట్టి ఉంచే చిన్న మర ఒకటుంటుంది. దాన్ని పావు చుట్టు వదులు చేస్తే మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని తూటాలు కాల్చేసరికి గురి పక్కకి జరుగుతుంది. ఎవరూ నన్ను అనుమానించరు. ప్రయాణంలో కదిలిందనుకుంటారు. అక్కడ నిలబడి మాస్టారు గడియ, కిటికీ అనుకుంటూ తెల్లమొహం వేస్తాడు. అప్పుడు నా విలువ తెలుస్తుంది.

స్క్రూడ్రైవర్ ఆ మర గాడిలో పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మరని గట్టిగా బిగించాను. నేను మంచివాణ్నని బిగించలేదు. నా చేతిమీదుగా వెళ్లిన రైఫిల్ తప్పు కొట్టిందంటే ఆ మాట నేను భరించలేను. కోటయ్య మీద ఉన్న కుళ్లుకంటే నా పనిమీద ఉన్న అహంకారం ఒక వీసమెత్తు ఎక్కువ తూగింది. దాంతోనే ఆ పిల్ల బయటపడింది. నేనూ బయటపడ్డాను.

ఆ తర్వాత గొట్టం లోపల గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా తుడిచాను. ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు సరిచూశాను. ప్రతి మరా మళ్లీ చూశాను. నా సర్వీసులో ఏ రైఫిల్నీ అంత శ్రద్ధగా సిద్ధం చేయలేదు. కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఫోను

పోటీల రోజు సాయంత్రం ఎస్.టి.డి. బూత్ నుంచి కోటయ్య మాస్టారు ఫోను చేశాడు.

"ఆర్మరర్ గారూ! మన పిల్లకి వెండి పతకం అండీ! తూటాలన్నీ నల్ల మచ్చలోనే దూరాయండీ!"

"తూటాలు కాదు మాస్టారూ, గుండ్లు అనాలి" అన్నాను.

"అవేనండీ, అవే! అన్నీ దూరాయి!" అని అరిచాడు. నా దిద్దుబాటు ఆయన సంతోషం మీద గీత కూడా పెట్టలేకపోయింది. ఆ మనిషికి వచ్చినంత సంతోషం నాకు జన్మలో రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆయన మీద కడుపుమంటగానే ఉంది.

"ఉండండి, అమ్మాయి మాట్లాడుతుందంట" అన్నాడు.

నేను రిసీవర్ రెండో చెవికి మార్చుకున్నాను. ఆ పిల్ల ఏమంటుందో నాకు తెలుసు. అంతా మీ దయ అంటుంది. మొదట నేర్పింది మీరే కదండీ అంటుంది. "నాదేముందమ్మా, నీ కష్టమే" అని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"సార్" అంది. గొంతులో ఇంకా ఆయాసం తగ్గలేదు. "రైఫిల్ చాలా బాగా పనిచేసిందండీ. ఎక్కడా మొరాయించలేదు."

"సంతోషం అమ్మా" అన్నాను. బూత్ బయట ఎవరో తొందరపెడుతున్నట్టున్నారు, ఫోను పెట్టేసింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెబుతున్నాను. మీరు ఎంత నేర్పినా, ఎంత తుడిచినా, మీకు దక్కే మెచ్చుకోలు చాలామటుకు ఆ ఒక్క మాటే. దాంతో తృప్తి పడగలిగితే ఈ ఉద్యోగం మీకు హాయిగా గడిచిపోతుంది. నేను పడలేకపోయాను.